ఆవిష్కార్‌కి హెల్మెట్ తీసేయండి: మేజిక్ డిజైన్ బృందానికి బహిరంగ లేఖ

విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌లో మేజిక్: ద గ్యాదరింగ్ సెట్లు రూపొందించే బృందానికి,

నమస్కారం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మీ ఆటలోని ఆవిష్కార్ అనే లోకాన్ని మళ్లీ ఒక పూర్తి సెట్‌గా తీసుకురండి. పోయినసారిలా బళ్లు బయలుదేరే చోటుగా కాదు, జనం బతికే ఊరుగా తీసుకురండి. తెచ్చేటప్పుడు, ఏదైనా కొత్తగా కనిపెట్టే పనిని ఆటగాడి చేతికి ఇవ్వండి. 2016లో మీరు ఇచ్చిన మాట అదే. సగం నిలబెట్టుకున్నారు. మిగతా సగం గురించే ఈ లేఖ.

బహిరంగ లేఖ కాబట్టి ఆట తెలియనివాళ్లు కూడా చదువుతారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. మేజిక్ అనేది రిచర్డ్ గార్ఫీల్డ్ 1993లో తయారు చేసిన కార్డుల ఆట. పేకాటలాగా అందరికీ ఒకటే కట్ట ఉండదు, ఎవరి డెక్ వాళ్లే కట్టుకోవాలి. ఏటా కొత్త కార్డుల సెట్లు వస్తాయి, చాలావరకు ఒక్కో సెట్ ఒక్కో లోకంలో నడుస్తుంది. 2016 సెప్టెంబర్ 30న 264 కార్డులతో వచ్చిన సెట్ పేరు కలాదేశ్. మన దేశపు ఛాయలతో అల్లిన లోకం అది. గాలిలో ఈథర్ అనే శక్తి పారుతుంటుంది, దాన్ని పట్టి యంత్రాలు నడుపుతారు. ఘిరాపూర్ అనే నగరం, అక్కడ ఆవిష్కర్తల జాతర, ఈథర్ ఎవరికి ఎంత అందాలో తేల్చే కాన్సులేట్ అనే ప్రభుత్వం, దాన్ని ఎదిరించే తిరుగుబాటుదారులు. నాలుగు నెలలకి, 2017 జనవరి 20న, ఈథర్ రివోల్ట్ పేరుతో రెండో భాగం వచ్చింది. తర్వాతి కథలో కాన్సులేట్ కూలిపోయింది, లోకం పేరు ఆవిష్కార్‌గా మారింది. పేరు మార్పు మీద నాకు పేచీ లేదు, మంచి పనే చేశారు.

ఆ సెట్ మావాళ్లకి ఎందుకు నచ్చిందో మీకు ఎవరైనా చెప్పారో లేదో. పడమటి ఫాంటసీలో మా దేశం వాసన తగిలిందంటే ఓ పాములవాడో, ఓ సాధువో, గద్ద ముక్కు మాంత్రికుడో ఎదురొస్తాడని మేము ముందే సిద్ధపడిపోతాం. మీరు ఇంజనీర్లని పెట్టారు. ఇంటికో ఇంజనీరున్న జాతికి అంతకంటే ఏం కావాలి? సహేలీ రాయ్, రష్మి, చంద్ర నలార్, వాళ్లమ్మ పియా, నాన్న కిరణ్. పక్కింటివాళ్ల పేర్లలా ఉన్నాయి. ఓవియా పశిరి అన్న పేరు చూసి తమిళ స్నేహితుడొకడు వారం రోజులు కాలరెగరేసుకు తిరిగాడు.

పేర్లు పెట్టడం సులువే. కథని కార్డు మీది నియమాల్లోకి దించడం కష్టం, ఒకచోట మీరు అది అద్భుతంగా చేశారు. ఈథర్ రివోల్ట్‌లో హార్ట్ ఆఫ్ కిరణ్ అనే గాలి ఓడ ఉంది. చంద్ర చిన్నప్పుడే కాన్సులేట్ మనుషుల చేతిలో చనిపోయిన కిరణ్ పేరే ఆ ఓడకి పెట్టారు. రెండు మనాలకే (మనా అంటే కార్డు ఆడడానికి కట్టే ఖర్చు) 4/4, అంటే కొట్టే బలం నాలుగు, తట్టుకునే బలం నాలుగు. ఎగురుతుంది, దాడి చేశాక కూడా కాపలాకి సిద్ధంగా ఉంటుంది. కానీ వెహికల్ కదా, నడిపేవాళ్లు కావాలి. మొత్తం బలం కనీసం మూడు ఉన్న క్రీచర్లని, అంటే మన తరఫున పోరాడే జీవుల్ని, ఎక్కించాలి. లేదంటే మన వైపున్న ప్లేన్స్‌వాకర్ (చంద్రలా లోకాల మధ్య తిరిగే పాత్ర) నుంచి ఒక లాయల్టీ కౌంటర్, అంటే ఆ పాత్ర బలాన్ని లెక్కపెట్టే గుర్తు ఒకటి, తీసేసి నడపొచ్చు. అంటే బల్ల మీద చంద్ర ఒక్కతే ఉన్నా ఫరవాలేదు, తన బలంలోంచి ఒక పాలు ఇచ్చి నాన్న పేరున్న ఓడని పైకి లేపుతుంది. కార్డు మీద దీని గురించి ఒక్క కథా వాక్యం అక్కర్లేదు. ఆడుతుంటే తెలిసిపోతుంది. ఇలాంటిది ఒక్క కార్డు చేసినవాళ్లు ఇంకో ఇరవై చేయగలరనే నమ్మకంతోనే ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు చేదు విషయానికి వస్తాను, అంటే ఎనర్జీకి.

మేజిక్‌లో ఏం చేయాలన్నా మనా కావాలి, వాడని మనా నిలవ ఉండదు. కలాదేశ్‌లో ఈథర్‌కి గుర్తుగా పెట్టిన ఎనర్జీ అలా కాదు. కౌంటర్ల రూపంలో మన దగ్గర పోగుపడుతుంది, ఎన్ని టర్న్‌లైనా కదలకుండా ఉంటుంది. ఎదుటివాడు నా క్రీచర్‌ని చంపొచ్చు, నా ఆర్టిఫాక్ట్‌ని (యంత్రంలాంటి వస్తువు కార్డుని) పగలగొట్టొచ్చు, నా చేతిలోని కార్డు పారేయించొచ్చు. నా ఎనర్జీ జోలికి వచ్చే దారి మాత్రం దాదాపు లేదు. బ్యాంకులో వేసిన డబ్బుకంటే భద్రం. కౌంటర్లని ఆపే సొలెమ్నిటీ అనే కార్డు 2017 జూలైలో వచ్చింది. ఎదుటివాడి కౌంటర్లు తుడిచేసే సన్‌క్లెన్సర్ వచ్చేసరికి 2018 జూలై. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు కానీ చదివేవాళ్లకి చెప్పాలి. మొదట్లో బాగానే ఉంది. 2016 అక్టోబర్‌లో హోనొలులులో జరిగిన ప్రో టూర్ అనే పెద్ద పోటీని షోటా యసూకా ఎనర్జీ మీద ఆధారపడని కంట్రోల్ డెక్‌తో, అంటే ఎదుటివాడి ఎత్తుల్ని అడ్డుకుంటూ ఆడే డెక్‌తో, గెలిచాడు. ఆ తర్వాతే బిగుసుకుపోయింది. ఈథర్‌వర్క్స్ మార్వెల్ అనే యంత్రం ఉంది. నాలుగు మనాలు పెట్టి దించాలి, ఆరు ఎనర్జీ కట్టి ట్యాప్ చేస్తే (కార్డుని అడ్డంగా తిప్పి వాడితే) డెక్‌లో పై ఆరు కార్డులు చూసి, ఒకదాన్ని ఉచితంగా ఆడొచ్చు. ఆ ఆరింట్లో పది మనాల ఉలమోగ్ ఉంటే? నాలుగో టర్న్‌లో 10/10 రాక్షసుడు దిగుతాడు, దిగేముందే ఎదుటివాడి సామాను రెండు ముక్కలు మాయం చేస్తాడు. ఎదురుగా కూర్చున్నవాడు అప్పుడే మూడో ల్యాండ్ (మనా ఇచ్చే కార్డు) పెట్టుకుని, ఇక ఆట మొదలవుతుందని అనుకుంటుంటాడు. లేకపోతే? మళ్లీ ఎనర్జీ పోగు చేసుకుని మళ్లీ తిప్పుతారు. లాటరీ టికెట్ కొనడాన్ని కూడా ఆవిష్కరణ అనాలంటే నాకు నోరు రావడం లేదు.

సహేలీ రాయ్ కథ ఇంకా విచిత్రం. ఆవిడ కలాదేశ్‌లో వచ్చింది, ఒక క్రీచర్‌కి నకలు చేయగలదు. ఫెలిడార్ గార్డియన్ అనే పిల్లి ఈథర్ రివోల్ట్‌లో వచ్చింది, బల్ల మీదున్న మన కార్డొకదాన్ని ఆటలోంచి తీసి వెంటనే తిరిగి పెడుతుంది. సహేలీ గార్డియన్‌కి నకలు చేస్తే, ఆ నకలు సహేలీని తీసి కొత్తగా పెడుతుంది, కొత్త సహేలీ మళ్లీ నకలు చేస్తుంది. పిల్లులు ఎన్నంటే అన్ని. రెండు వరుస సెట్లలో ఉన్న రెండు కార్డులు కలిస్తే ఇలా అవుతుందని విడుదలకి ముందు మీలో ఎవరి కంటా పడలేదు. 2017 ఏప్రిల్‌లో స్టాండర్డ్‌లో (కొత్త సెట్ల కార్డులతోనే ఆడే పోటీ పద్ధతి) మార్పులేమీ లేవని ప్రకటించి, రెండు రోజులకే మాట మార్చుకుని గార్డియన్‌ని బ్యాన్ చేశారు.

మొత్తం లెక్క ఇది. 2017 జనవరిలో స్మగ్లర్స్ కాప్టర్, ఏప్రిల్‌లో ఫెలిడార్ గార్డియన్, జూన్‌లో మార్వెల్, 2018 జనవరిలో అట్యూన్ విత్ ఈథర్, రోగ్ రిఫైనర్. ఈ రెండు సెట్ల నుంచే ఐదు కార్డులు. దానికి ముందు 2011 తర్వాత స్టాండర్డ్‌లో ఒక్క బ్యాన్ కూడా లేదు. ఐదింట్లో అట్యూన్‌ని చూస్తే నాకు ఇప్పటికీ జాలి. అదొక కామన్ కార్డు, అంటే ప్యాకుల్లో తేలిగ్గా దొరికేది. ఒక్క ఆకుపచ్చ మనా, డెక్‌లోంచి ఒక ల్యాండ్ వెతుక్కో, రెండు ఎనర్జీ తీసుకో, అంతే. అందులో భయపెట్టేది ఏముంది? ఏమీ లేదు. దాని చుట్టూ కట్టిన ఎనర్జీ ఏర్పాటే అంత పటిష్ఠంగా ఉంది కాబట్టి ఆఖరికి చిన్న కార్డు మెడ మీద కత్తి పడింది. కథలో ఈథర్ పంపకాలు కాన్సులేట్ చూసుకునేది, కేటాయింపులకి కంబాల్ అనే కాన్సుల్ కూడా ఉన్నాడు. కథ బయట ఆ ఉద్యోగం మీ బ్యాన్ జాబితాకి పడింది.

పాఠం నేర్చుకున్నారని అనుకునేలోపే 2024 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్ 3లో ఎనర్జీ మళ్లీ వచ్చింది. గైడ్ ఆఫ్ సోల్స్, గాల్వానిక్ డిశ్చార్జ్, ఆంప్డ్ రాప్టర్. ఎరుపు తెలుపు ఎనర్జీ డెక్ మోడర్న్ అనే ఇంకో పోటీ పద్ధతి మీద కూర్చుంది, డిసెంబర్‌లో ఆంప్డ్ రాప్టర్‌ని బ్యాన్ చేయాల్సి వచ్చింది. ఏడేళ్లు గడిచినా కథ మారలేదు.

ఎనర్జీని తీసేయమని అడగడం లేదు. అది లేకపోతే ఆ లోకం ఆ లోకంలా ఉండదు. కానీ ఈథర్ పైపుల్లో పారే వస్తువు. పైపు ఉన్నచోట లీకేజీ ఉంటుంది, లీకేజీ ఉన్నచోట దొంగ ఉంటాడు. మీ కథలోనే ఉంది ఆ శాల్తీ: గోంతి, ఘిరాపూర్ చీకటి బజారుని నడిపించే ఘటం. మరి గోంతి కార్డు ఏం చేస్తుంది? ఎదుటివాడి డెక్‌లో పై నాలుగు కార్డులు చూసి ఒకటి ఎత్తుకుపోతుంది. తర్వాత వచ్చిన గోంతి కార్డులూ ఇతరుల డెక్‌ల మీదే పడ్డాయి. చీకటి బజారు దొర ఈథర్‌ని ముట్టుకోకపోవడం ఏమిటి? ఎదుటివాడి ఎనర్జీని కాజేసేవాళ్లు, పైపు కట్టేసేవాళ్లు, దాచుకున్న నిల్వ మీద పన్ను వేసేవాళ్లు కామన్ కార్డుల్లోనే ఉంటే, ఐదు బ్యాన్లలో మూడైనా తప్పేవని నా అంచనా.

ఇంతకంటే నాకు ముఖ్యమైన మాట ఒకటుంది. ఈథర్ రివోల్ట్‌లో ఇంప్రొవైజ్ అనే పద్ధతి పెట్టారు. మంత్రం వేయడానికి మనా చాలకపోతే, బల్ల మీదున్న ఆర్టిఫాక్ట్‌లని ట్యాప్ చేసి ఒక్కోదానితో ఒక్కో మనా కట్టొచ్చు. చిన్న బొమ్మ యంత్రమైనా సరే, పనికిరాని తుక్కైనా సరే. కలాదేశ్‌లో ఫాబ్రికేట్ ఉంది: వచ్చిన క్రీచర్‌ని బలపరుచుకుంటావా, లేక పక్కన సర్వోలనే 1/1 చిన్న యంత్రాలని తయారు చేసుకుంటావా అన్నది ఆ క్షణంలో నువ్వే తేల్చుకోవాలి. ఈ రెండూ కలిస్తే ఉన్న సామానుతో లేని పని చేయించడమే. ఆ లోకం ఆత్మ ఇక్కడ ఉంది. కానీ టోర్నమెంట్లలో బలమంతా ఎనర్జీ వైపు ఒరిగిపోయింది, ఇంప్రొవైజ్ ఓ మూల కూర్చుంది.

దీనికి మా వైపు నుంచి ఒక నిజం కథ చెప్తాను. ఈథర్ రివోల్ట్ విడుదలైన ఐదు రోజులకి, 2017 జనవరి 25న, మన ప్రభుత్వం పద్మ అవార్డులు ప్రకటించింది. పద్మశ్రీ జాబితాలో తెలంగాణకి చెందిన చింతకింది మల్లేశం పేరుంది. ఆయనది చేనేత కుటుంబం, చదువు బడి మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయాలంటే రంగులద్దే ముందు పట్టు దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న చట్రం మీది పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో ఇటూ అటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు వెళ్లి రావాలి. ఇళ్లలో ఈ పని ఆడవాళ్లదే. మల్లేశం తల్లి లక్ష్మికి భుజం పట్టేసింది, ఇక నావల్ల కాదంది. అప్పటినుంచి ఆయన కొయ్య ముక్కలు, మోటార్లు ముందేసుకుని ఏళ్లు గడిపాడు. ఊళ్లో నవ్వారు, అప్పులయ్యాయి. 1999కి యంత్రం పనిచేసింది. దానికి అమ్మ పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.

ఈ మనిషికి జాతర లేదు, న్యాయనిర్ణేతలు లేరు, కాన్సుల్ చేతుల మీదుగా పతకం లేదు. ఉన్నదల్లా పక్కగదిలో భుజం నొప్పితో ఉన్న అమ్మ. మీ కలాదేశ్‌లో కనిపెట్టడమంటే ప్రదర్శన. బంగారు తీగల యంత్రం, పైన పూలవాన, కింద చప్పట్లు. చూడ్డానికి కన్నుల పండుగే, కాదనను. ఆ తీగ పని చూసినప్పుడల్లా మా కరీంనగర్ వెండి ఫిలిగ్రీ గుర్తొచ్చి మురిసిపోయాను కూడా. కానీ అంత అందమైన నగరంలో అవసరం కొద్దీ ఏదో ఒకటి తయారు చేసుకునే ఇల్లు ఎంత వెతికినా నాకు రెండు మూడు కార్డుల్లోనే కనిపించింది. కాన్సులేట్ కూలాక ఇప్పుడు కథ ఉన్నది ఆ ఇళ్లలోనే. ఈథర్ ఇక అందరిదీ అన్నారు సరే, వీధి చివరి ఇంటికి లైను ఎవరు లాగుతారు? పాత లైసెన్సు ఉన్నవాడు ఊరుకుంటాడా? ఎన్నో ఏళ్లు లైను దాటి దొంగ ఈథర్ వాడినవాడు ఇప్పుడు మీటరు పెట్టించుకుంటాడా? కరెంటు కోతల మధ్య పెరిగిన మాకు ఈ కథలో ప్రతి మలుపూ తెలుసు. తిరుగుబాటు గెలిచిన మర్నాటి ఉదయం గురించి ఫాంటసీ సాధారణంగా రాయదు. మీరు రాయండి.

కానీ 2025 ఫిబ్రవరిలో మీరు అక్కడికి వెళ్లి ఏం చేశారు? రేసు పెట్టారు.

ఈథర్‌డ్రిఫ్ట్ అనే ఆ రేసు సెట్ చెడ్డదని అనను. స్పీడ్ ఒకటితో మొదలై నాలుగుకి చేరాక కార్డులు రెచ్చిపోవడం డ్రాఫ్ట్‌లో (అక్కడికక్కడే ప్యాకులు విప్పి డెక్ కట్టుకునే ఆటలో) సరదాగానే ఉంది. అయినా పది జట్లు, మూడు లోకాలు, ఒక బహుమతి. ఆవిష్కార్‌లో బయలుదేరి అమోంఖెట్, మురగండ చుట్టి రావాలి. ఇన్ని బళ్ల దుమ్ములో ఊరు కనపడలేదు. దాని ముందు ఏడాది కార్లోవ్ మేనర్‌ సెట్‌లో రావ్నికా అనే లోకానికి డిటెక్టివ్ టోపీ పెట్టారు, థండర్ జంక్షన్‌లో అందరికీ కౌబాయ్ టోపీలు పంచారు. వీటిని టోపీ సెట్లని ఆటగాళ్లు ఎగతాళి చేయడం మీకూ తెలుసు. మా వంతు వచ్చేసరికి హెల్మెట్ దొరికింది. పైగా 2025లో స్టాండర్డ్‌కి ఆరు సెట్లు తెస్తే మూడు బయటివాళ్ల లోకాలు: ఫైనల్ ఫాంటసీ, స్పైడర్‌మ్యాన్, అవతార్. మీ సొంత లోకాలకి మిగిలింది మూడు సెట్లే, అందులో ఒకదాన్ని మూడు లోకాలు పంచుకున్నాయి. సాలెపురుగు కుర్రాడికి దొరికిన చోటు, ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్న చంద్ర ఊరికి దొరకలేదు. వాటి అమ్మకాల లెక్కలు మీకు ఉంటాయి, అర్థం చేసుకోగలను. అయినా అడగడం మానను.

బొమ్మల గురించి కూడా ఒక మాట. 2021లో స్ట్రిక్స్‌హేవెన్‌తో మిస్టికల్ ఆర్కైవ్ అని 63 కార్డులు వేశారు, ప్రతిదానికీ జపాన్ చిత్రకారులతో ఇంకో రూపం గీయించారు. ఇప్పటికీ వాటిని చూస్తే చేతులు లాగేస్తాయి. అదే పని ఆవిష్కార్‌కి మా చిత్రకారులతో చేయించొచ్చు కదా? చేర్యాల నకాషీ కళాకారులు ఉన్నారు. ఖాదీ బట్టకి సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ మొత్తం గీస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని ఊరూరా తిప్పుతూ ఒక్కో గడి చూపించి చెప్పేవాళ్లు. ఒక గడికి ఒక ఘట్టం, సరిగ్గా ఒక కార్డుకి సరిపోయేది. శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, అక్కడ రంగుకి ముందు గీతంతా కలంతోనే. నకలు కొట్టి ‘స్ఫూర్తి’ అనొద్దు. వాళ్లనే పిలవండి, మిగతా చిత్రకారులకి ఇచ్చే డబ్బే ఇవ్వండి, కార్డు అడుగున ఎడమవైపు చిన్న అక్షరాల్లో వేసే పేరు వాళ్లదే వేయండి. అలాంటి కార్డులు మామూలు ప్యాకుల్లో దొరకాలి కూడా. కలాదేశ్, ఈథర్ రివోల్ట్ రెండింటికీ కలిపి ఇన్వెన్షన్స్ అని 54 ప్రత్యేక కార్డులు చేసి, దాదాపు 144 ప్యాకులకి ఒకటి చొప్పున పెట్టారు. అంటే నాలుగు పెట్టెలు కొంటే ఒకటి వస్తుందేమో. అందరూ కనిపెట్టొచ్చన్న సెట్‌లో అదేం లెక్క?

తెలుగులో కార్డులు వేయమని మాత్రం అడగను. అది జరిగే పని కాదు, ఆ ఖర్చుకి తగ్గ మార్కెట్ మా దగ్గర లేదు. 2001లో అపోకలిప్స్ అనే సెట్ ప్రీరిలీజ్‌కి (విడుదలకి ముందు జరిపే ఆటలకి) ఫంగల్ షాంబ్లర్ అనే బూజు భూతం కార్డుని సంస్కృతంలో అచ్చేశారు, ప్రస్తుతానికి దాంతో సరిపెట్టుకుంటాం. కానీ ఆవిష్కార్ గురించి రాసేటప్పుడు ఆ గదిలో ఈ నేల తెలిసినవాళ్లు కూర్చోవాలి. సలహాదారు సంతకం కోసం చివర్లో చూపించడం కాదు, మొదటి రోజునుంచే. మీ ఆఫీసున్న రెంటన్ నుంచి కాసేపు కారు నడిపితే బెల్‌వ్యూ, రెడ్మండ్. అక్కడ తెలుగువాళ్లకి కొదవేమీ లేదు, పిలిస్తే పులిహోర కూడా పట్టుకొస్తారు.

ఒక సెట్ పని విడుదలకి రెండు మూడేళ్ల ముందే మొదలవుతుందని మీవాళ్లే చెప్తుంటారు. కాబట్టి రేపే ఇవ్వమనడం లేదు. మీ ప్రణాళికలో ఎక్కడో ఒక ఖాళీ గడిలో ఆవిష్కార్ అని రాసుకోండి. ఇంప్రొవైజ్‌ని మూలనుంచి లేపి ముందు వరసలో కూర్చోబెట్టండి. గోంతికి కొత్త కార్డు వేస్తే ఈసారి ఎనర్జీ ఎత్తుకుపోయేలా వేయండి. నాలుగు కాపీలు నేనే కొంటాను.

ఇట్లు,
కలాదేశ్ నాటినుంచి చంద్ర డెక్ మార్చని ఒక తెలుగు ఆటగాడు